వజ్రాన్ని చూసిన కన్ను – టావెర్నియర్ జీవితం

రత్నం విలువ తెలియాలంటే రత్నాన్ని చూసే కన్ను ఉండాలని పెద్దలు అంటుంటారు. అలాంటి కన్ను ఉన్న ఒక మనిషి సుమారు 380 ఏళ్ళ కిందట మన తెలుగు నేల మీద తిరిగాడు. ఆయన పేరు జీన్ బాప్టిస్ట్ టావెర్నియర్. దేశం ఫ్రాన్సు. వృత్తి వజ్రాల వ్యాపారం. మన హాస్టల్లో గ్రూప్స్ కోసమో, డీఎస్సీ కోసమో, కానిస్టేబుల్ ఉద్యోగం కోసమో చదివిన ప్రతి ఒక్కరికీ ఈ పేరు తెలుసు. గోల్కొండ రాజ్యంలోని వజ్రపు గనులను చూసి రాసిన ఫ్రెంచి యాత్రికుడు ఎవరన్న బిట్టుకు జవాబు ఆయనే. ఆ బిట్టుకు ఒక మార్కు వస్తుంది. మార్కు వేసుకుని పేజీ తిప్పేస్తాం.

ఆ ఒక్క మార్కు వెనక ఎనభై ఏళ్ళు దాటిన జీవితం ఉంది. ఆ జీవితం వెనక మన కృష్ణానది ఒడ్డున మట్టి తవ్విన వేలాది మంది ఉన్నారు. వాళ్ళ మీద మాత్రం ఇప్పటి వరకు ఏ పరీక్షలోనూ బిట్టు రాగా మేము చూడలేదు. మా ఇళ్ళల్లో డిగ్రీ చదివిన మొదటి తరం మాది. మట్టిపని చేసే చేతులు మా ఇళ్ళల్లో ఇంకా ఉన్నాయి. అందుకే టావెర్నియర్ జీవితాన్ని ఈ వార్షిక సంచికలో తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు, ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలకు, అక్కలకు కొంచెం వివరంగా చెప్పాలనుకున్నాం.

కంటికి పెట్టుకునే అద్దం

ముందుగా ఒక చిన్న వస్తువు గురించి చెప్పుకోవాలి. నల్లగొండలో అయినా, మహబూబ్‌నగర్‌లో అయినా వాచీలు బాగుచేసే మనిషిని చూస్తే కంటి గుంటలో నల్లటి చిన్న డబ్బాలాంటి అద్దం ఇరికించుకుని ఉంటాడు. నగల దుకాణంలో కూడా అలాంటి అద్దమే, మడతపెట్టి జేబులో వేసుకునే రకం, కనబడుతుంది. అది మనం భౌతికశాస్త్రంలో చదివిన కుంభాకార కటకమే. వస్తువు కంటికి స్పష్టంగా కనబడాలంటే కనీసం 25 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. నాభ్యంతరం 2.5 సెంటీమీటర్లు ఉన్న కటకాన్ని కంటికి ఆనించుకుంటే వస్తువును అంత దగ్గరికి తెచ్చి చూడవచ్చు. 25ను 2.5తో భాగిస్తే 10. అంటే వస్తువు సుమారు 10 రెట్లు పెద్దదిగా కనబడుతుంది.

వాచీ పనికి మామూలుగా 3 నుంచి 5 రెట్లు పెద్దదిగా చూపే అద్దం చాలు. వజ్రానికి మాత్రం 10 రెట్ల అద్దం కావాలి. ఇవాళ ప్రపంచమంతటా వజ్రాల వ్యాపారంలో అదే కొలమానం. నేర్పు గలవాడు 10 రెట్ల అద్దంతో చూసినా లోపలగానీ పైనగానీ ఏ లోపమూ కనిపించకపోతేనే ఆ వజ్రానికి నిర్దోషమన్న పేరు వస్తుంది. ఒకే గాజు అయితే అంచుల్లో రంగులు కనబడి కన్ను మోసపోతుంది కాబట్టి, మంచి అద్దాల్లో మూడు గాజులను కలిపి అతికిస్తారు. చూసే పద్ధతి కూడా ఒకటి ఉంది. అద్దాన్ని రాయి దగ్గరకు తీసుకుపోకూడదు. అద్దాన్ని కంటి దగ్గరే ఉంచుకుని, రాయినే దాని దగ్గరకు తెచ్చుకోవాలి.

ఇది ఈనాటి పద్ధతి. ఈ కొలమానమేదీ లేని రోజుల్లో మన నేల మీద వజ్రాన్ని ఎలా పరీక్షించేవారు, ఎలా తవ్వేవారు, ఎలా అమ్మేవారు అన్న సంగతులు మనకు వివరంగా తెలిసింది చాలావరకు టావెర్నియర్ రాతల వల్లనే.

బాల్యం, తొలి ప్రయాణాలు

టావెర్నియర్ 1605లో పారిస్ నగరంలో పుట్టాడు. తండ్రి గాబ్రియేల్ ఆంట్‌వెర్ప్ నుంచి వచ్చి పారిస్‌లో స్థిరపడ్డవాడు. వాళ్ళది ప్రొటెస్టెంట్ కుటుంబం. దేశపటాలు తయారుచేసి అమ్మడం ఆ ఇంటి వృత్తి. ఇంటికి వచ్చేపోయే పండితులు దూరదేశాల గురించి, సముద్రాల గురించి మాట్లాడుకుంటుంటే పిల్లవాడు వింటూ పెరిగాడు. పటం మీద వేలుపెట్టి చూపిన ఊర్లన్నీ కళ్ళారా చూడాలన్న కోరిక అక్కడే మొదలైంది. 22 ఏళ్ళు వచ్చేసరికే ఇంగ్లండు, హాలెండు, జర్మనీ, పోలెండు, ఇటలీ మొదలైన దేశాలు తిరిగి, యూరప్‌లోని ముఖ్యమైన భాషల్లో మాట్లాడడం నేర్చుకున్నాడు.

1630ల మొదట్లో కాన్‌స్టాంటినోపుల్ మీదుగా పర్షియా దేశం వెళ్ళి వచ్చాడు. అది మొదటి యాత్ర. 1638లో బయలుదేరిన రెండో యాత్రలో మొదటిసారి మన దేశంలో అడుగుపెట్టాడు. ఆగ్రా చూశాడు, గోల్కొండ చూశాడు. అప్పుడు గోల్కొండను ఏలుతున్నవాడు అబ్దుల్లా కుతుబ్ షా. ఆ తర్వాత మరో నాలుగు యాత్రలు చేశాడు. ఒకసారి జావా ద్వీపం దాకా వెళ్ళాడు. 1668లో చివరి యాత్ర ముగించుకుని ఇల్లు చేరేసరికి ఆయనకు 63 ఏళ్ళు. రైలు లేని, కరెంటు లేని కాలంలో ఓడల మీద, ఒంటెల మీద, ఎడ్లబండ్ల మీద, పల్లకీల్లో దాదాపు నలభై ఏళ్ళు తిరిగాడన్నమాట.

ఆయన అలవాటు ఒకటి ఉంది. ఏ ఊరు పోయినా అక్కడి నాణెం ఎంత, తూకం ఎంత, కూలి ఎంత, దూరం ఎంత అని రాసుకునేవాడు. వ్యాపారికి అది అవసరం. ఆ అవసరం కోసం రాసుకున్న అంకెలే మనకు చరిత్ర అయ్యాయి.

దారుల్లో కనిపించిన మనుషులు

మన దేశపు దారుల్లో ఆయన్ను ఆశ్చర్యపరచినవి ఎద్దుల బిడారాలు. ఒక్కో బిడారంలో 10 వేల నుంచి 12 వేల ఎద్దులు ధాన్యమో, బియ్యమో, పప్పులో, ఉప్పో మోస్తూ పోయేవట. ఇరుకు దారిలో అవి ఎదురైతే దాటిపోయేదాకా రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదని రాశాడు. ఊరంటూ లేకుండా, భార్యాబిడ్డలతో గుడారాల్లో బతుకుతూ దేశమంతటికీ తిండిగింజలు, ఉప్పు చేరవేసిన ఆ జనాన్ని చరిత్రకారులు బంజారాలుగా గుర్తించారు. దేవరకొండ, అచ్చంపేట తండాల నుంచి వచ్చిన మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ సంగతి తప్పక గుర్తుపెట్టుకోవాలి. రైళ్ళు, లారీలు రాకముందు ఈ దేశపు సరుకు రవాణా మీ పూర్వీకుల ఎద్దుల మీద నడిచింది.

రావల్‌కొండ గని

టావెర్నియర్ చూసిన గనుల్లో మొదటిది రావల్‌కొండ. అది గోల్కొండ నుంచి 5 రోజుల ప్రయాణం, బీజాపూర్ నుంచి 8, 9 రోజుల ప్రయాణం అని రాశాడు. ఆ చోటు రాయచూరు వైపు ఉండేదని పండితుల అభిప్రాయం. అంటే మన పాలమూరుకు పొరుగుసీమే. అక్కడ రాళ్ళ మధ్య సన్నని పగుళ్ళు ఉండేవి. పనివాళ్ళు కొన వంచిన ఇనుప చువ్వలు పెట్టి ఆ పగుళ్ళలోని ఇసుకను, మట్టిని గీకి తీసేవారు. ఆ మట్టిని కడిగితే వజ్రాలు దొరికేవి.

అక్కడి కూలి లెక్క ఆయన స్పష్టంగా రాశాడు. పని బాగా తెలిసిన మగవాడికి ఏడాదికి 3 వరహాలు. నెలకు కాదు, ఏడాదికి. ఆ పనివాళ్ళ ఒంటి మీద చిన్న గుడ్డముక్క తప్ప ఏమీ ఉండేది కాదు. 50 మంది పనిచేసే చోట 12 నుంచి 15 మంది కాపలాదారులు నిలబడేవారు. రాయిని మింగుతారేమోనని వాళ్ళ భయం. ఒక పనివాడు సుమారు 2 కేరట్ల రాయిని కంటి కొనలో దాచుకుని దొరికిపోయిన సంగతి కూడా టావెర్నియర్ రాశాడు.

ఈ ఒక్క సంగతి దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాం. కంట్లో నలుసు పడితేనే మనం ఓర్చుకోలేం. గరుకు రాయిని కంట్లో పెట్టుకుని, రెప్ప కదపకుండా కాపలావాడి ముందు నడవాలనుకున్నవాడికి ఎంత అవసరం వచ్చి ఉంటుంది? వర్తకుడి దృష్టిలో అతడు దొంగ. ఏడాదికి 3 వరహాల కూలిని పక్కన పెట్టి చూస్తే ఆ మాట అంత తేలికగా అనలేం.

పెద్ద రాయి దొరికి యజమానికి అప్పగించిన పనివాడికి బహుమానం ఉండేది. సుమారు 14 కేరట్లు మించిన రాయి అయితే ఒక తలపాగా గుడ్డ, అర వరహా లేదా ఒక వరహా, కొంచెం బియ్యం, ఒక పళ్ళెం చక్కెర ఇచ్చేవారట.

రాత్రి దీపం పరీక్ష

వజ్రాన్ని పరీక్షించే పద్ధతి గురించి టావెర్నియర్ రాసిన భాగం చాలా ఆసక్తిగా ఉంటుంది. యూరప్‌లో గరుకు రాయిని పగటి వెలుగులో చూసి, దాని నీరు ఎలాంటిదో, లోపల ఏ మచ్చలున్నాయో తేల్చేవారు. వజ్రంలోని స్వచ్ఛతను, మెరుపును వర్తకులు నీరు అంటారు. మన దేశంలో ఆ పని రాత్రిపూట చేసేవారు. గోడలో అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న గూడు చేసి, అందులో లావాటి వత్తి వేసిన దీపం పెట్టేవారు. రాయిని వేళ్ళ మధ్య పట్టుకుని ఆ దీపానికి ఎదురుగా తిప్పి చూసేవారు. చుట్టూ చీకటి, ఒక్క చోట వెలుగు, మధ్యలో రాయి. ఆ వర్ణనలో ఉన్నది దీపం, వేళ్ళు, కన్ను మాత్రమే. నేటి రత్నపరీక్షకుడు కూడా 10 రెట్ల అద్దంతో చూసేటప్పుడు వెలుగు ఏ పక్క నుంచి పడాలన్నది జాగ్రత్తగా చూసుకుంటాడు. సూత్రం ఒక్కటే. లోపం కనబడాలంటే వెలుగు సరైన పక్క నుంచి రావాలి.

రాయిలో నీలిఛాయ ఉందో లేదో తెలుసుకోవడానికి మరో పద్ధతి ఉండేది. గుబురుగా ఆకులున్న చెట్టు కిందకు తీసుకుపోయి, ఆకుపచ్చని నీడలో చూస్తే నీలం సులువుగా తేలిపోయేదట.

సాన పట్టేవారి నేర్పు గురించి కూడా రాశాడు. రాయి శుభ్రంగా ఉంటే పైపైన సాన పట్టి, బరువు తగ్గకుండా వదిలేసేవారు. లోపల మచ్చో, పగులో, ఎర్రని నల్లని ఇసుక రేణువులో ఉంటే రాయి అంతటా ముఖాలు చెక్కేవారు. ఎక్కువ ముఖాలుంటే ఎక్కువ తళుకు ఉంటుంది. తళుకులో మచ్చ దాగిపోతుంది. కాబట్టి మరీ ఎక్కువగా మెరిసే రాయిని చూసి తెలిసిన వర్తకుడు జాగ్రత్త పడేవాడు.

చెట్టు కింద పిల్లలు

బేరసారాలు చిత్రంగా జరిగేవి. అమ్మేవాడు, కొనేవాడు ఎదురెదురుగా కూర్చుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, పైన గుడ్డ కప్పుకునేవారు. గుడ్డ కింద వేళ్ళు నొక్కడంతోనే ధర తేలిపోయేది. పక్కన పదిమంది ఉన్నా ఎంతకు అమ్ముడుపోయిందో ఎవరికీ తెలియదు. ఒకసారి చిరిగిన బట్టలతో వచ్చిన ఒక వర్తకుడు జుట్టులో దాచిన చిన్న గుడ్డముక్క విప్పి, 48 కేరట్లు దాటిన వజ్రాన్ని చూపించాడట. మనిషి వేషం చూసి విలువ కట్టకూడదని టావెర్నియర్‌కు ఆ రోజు అర్థమై ఉండాలి.

ఇంకా చిత్రమైన సంగతి వర్తకుల పిల్లలది. పొద్దున్నే 10 నుంచి 15, 16 ఏళ్ళ పిల్లలు ఊరి నడుమ చెట్టు కింద చేరేవారు. ఒక్కొక్కరి నడుముకు ఒక పక్క తూకపు రాళ్ళ సంచి, మరో పక్క డబ్బు సంచి. ఆ డబ్బు సంచిలో 500 నుంచి 600 బంగారు వరహాలు ఉండేవని రాశాడు. ఎవరైనా రాయి అమ్మడానికి వస్తే అందరిలోకి పెద్దవాడు చూసి, పక్కవాడికి ఇచ్చేవాడు. అలా చేతులు మారుతూ మాటా పలుకూ లేకుండా రాయి చుట్టూ తిరిగి వచ్చేది. కొనాలనుకుంటే పెద్దవాడు కొనేవాడు. సాయంత్రం కొన్నవన్నీ వేరుచేసి, పెద్ద వర్తకులకు అమ్మి, లాభం పంచుకునేవారు. పెద్దవాడికి నూటికి పావు వంతు ఎక్కువ. వాళ్ళ నేర్పు చూసి టావెర్నియర్ ముచ్చటపడ్డాడు.

మన హాస్టల్లో అయిదో తరగతి నుంచి పదో తరగతి దాకా చదివే పిల్లల వయసే వాళ్ళది. అదే వయసు పిల్లలు మరో గనిలో ఏం చేస్తున్నారో ఇప్పుడు చూద్దాం.

కొల్లూరు గని

కొల్లూరు గోల్కొండకు తూర్పున 7 రోజుల ప్రయాణం. కృష్ణానది కుడి ఒడ్డున, ఇప్పటి పల్నాడు జిల్లా వైపు ఉండేది. ఎడమ ఒడ్డు మన ఉమ్మడి నల్లగొండ. గోల్కొండ నుంచి అక్కడికి పోవాలంటే మన జిల్లా నేల మీదుగా పోయి నది దాటాల్సిందే. పులిచింతల జలాశయం నిండిన తర్వాత ఆ పాత గనుల ప్రాంతం నీటి కిందకు పోయింది.

ఆ గని కనుగొన్నవాడు రాజు కాదు, వర్తకుడు కాదు. టావెర్నియర్ రాసిన ప్రకారం ఆయన వెళ్ళడానికి సుమారు వందేళ్ళ ముందు, చిరుధాన్యం విత్తుకుందామని నేల తవ్వుతున్న ఒక పేదవాడికి దాదాపు 25 కేరట్ల రాయి దొరికింది. దాన్ని గోల్కొండ తీసుకుపోయి వర్తకుడికి చూపించాడు. ఆ కబురు దేశమంతా పాకింది. డబ్బున్నవాళ్ళు వచ్చి తవ్వకం మొదలుపెట్టారు. ఆ పేదవాడి పేరు పుస్తకంలో లేదు.

టావెర్నియర్ వెళ్ళేసరికి అక్కడ ఆడ, మగ, పిల్లలు కలిపి 60 వేల మంది పనిచేస్తున్నారు. పని మొదలుపెట్టే ముందు పూజ చేసి, అందరూ కలిసి ఆకుల్లో భోజనం చేసేవారు. తర్వాత మగవాళ్ళు 10 నుంచి 14 అడుగుల లోతు దాకా, నీరు పడేదాకా తవ్వేవారు. ఆడవాళ్ళు, పిల్లలు ఆ మట్టిని మోసుకుపోయి, రెండడుగుల ఎత్తు గోడ కట్టిన మడిలో పోసేవారు. అదే గుంతలో ఊరిన నీటిని కుండలతో తోడి ఆ మట్టి మీద పోసి, ఒకటి రెండు రోజులు నానబెట్టేవారు. బురద పలచబడ్డాక గోడకు పెట్టిన కంతలు తెరిస్తే నీరు, బురద పోయి ఇసుక మిగిలేది. దాన్ని ఎండబెట్టి, చేటల్లాంటి బుట్టలతో వడ్లు తూర్పారబట్టినట్టు తూర్పారబట్టేవారు. మిగిలిన గడ్డలను రోకళ్ళతో దంచి మళ్ళీ తూర్పారబట్టేవారు. చివరికి అందరూ వరుసగా కూర్చుని చేత్తో వెతికితే వజ్రాలు దొరికేవి.

ఈ పనిముట్లు, ఈ పనులు మన ఇళ్ళల్లో ఎవరికి తెలియవు? పార, గంప, చేట, రోకలి. పొలంలో వడ్లకు వాడే విద్యనే వజ్రానికి వాడారు. గోల్కొండ వజ్రాలకు ప్రపంచంలో వచ్చిన పేరు వెనక ఉన్నది ఈ తూర్పారబట్టే చేతుల నేర్పు.

ఒక చిన్న లెక్క

టావెర్నియర్ రాసిన అంకెలనే తీసుకుని మేము ఒక లెక్క వేసి చూశాం. రావల్‌కొండలో వర్తకుడు 50 మందిని పనిలో పెడితే, తవ్వుకోవడానికి అనుమతి కింద రాజుకు రోజుకు 2 వరహాలు కట్టాలి. 100 మంది అయితే 4 వరహాలు. కొన్న రాళ్ళ మీద నూటికి 2 చొప్పున రాజుకు మళ్ళీ పన్ను.

ఇప్పుడు కూలి చూద్దాం. 50 మందికి ఏడాదికి తలా 3 వరహాలంటే మొత్తం 150 వరహాలు. 365 రోజులకు పంచితే రోజుకు అర వరహా కూడా రాదు. అంటే ఆ 50 మంది తవ్వినందుకు వాళ్ళందరికీ కలిపి ముట్టేది అర వరహా లోపు. వాళ్ళను తవ్వనిచ్చినందుకు రాజుకు ముట్టేది 2 వరహాలు. చెట్టు కింద కూర్చున్న ఒక్క పిల్లవాడి సంచిలోని 600 వరహాలు సంపాదించాలంటే ఒక పనివాడు 200 ఏళ్ళు గని తవ్వాలి.

ఈ లెక్క టావెర్నియర్ వేయలేదు. అంకెలు మాత్రం దాచకుండా రాసిపెట్టాడు. ఆ మేరకు మనం ఆయనకు రుణపడి ఉన్నాం.

మీర్ జుమ్లా, ఔరంగజేబు

గోల్కొండ మంత్రి మీర్ జుమ్లాను టావెర్నియర్ 1652లో కడప సీమలోని గండికోటలో కలిశాడు. మీర్ జుమ్లా పర్షియా నుంచి వచ్చి, వజ్రాల వ్యాపారంతో పైకి వచ్చి, గనులను గుప్పిట్లో పెట్టుకున్నవాడు. తర్వాత రాజుతో చెడి మొగలుల పక్షం చేరాడు. చేరేటప్పుడు షాజహానుకు ఒక మహా వజ్రాన్ని కానుకగా ఇచ్చాడు.

ఆ వజ్రాన్ని టావెర్నియర్ 1665 నవంబరు 2న ఢిల్లీలో ఔరంగజేబు కొలువులో చేతిలోకి తీసుకుని చూశాడు. నడిమికి కోసిన గుడ్డు ఆకారంలో ఉందని, కింది అంచున చిన్న పగులు, లోపల చిన్న మచ్చ ఉన్నాయని రాశాడు. చక్రవర్తి నగ అని లోపం చెప్పకుండా ఊరుకోలేదు. దాన్ని సాన పట్టినవాడు వెనిస్ నగరానికి చెందిన హోర్టెన్సియో బోర్జియో. రాయిని చీల్చి మంచి ముక్కలు తీయకుండా, అరగదీసి బరువు పోగొట్టాడని అతడికి 10 వేల రూపాయలు జరిమానా వేశారు. ఆ వజ్రం తర్వాత ఏమైందో చరిత్రలో తేలలేదు.

నీలి వజ్రం

టావెర్నియర్ మన దేశం నుంచి తీసుకుపోయిన వాటిలో పేరుపొందింది సుమారు 112 కేరట్ల నీలి వజ్రం. అది కొల్లూరుదేనని పండితుల నమ్మకం. దాన్ని, మరెన్నో వజ్రాలను ఫ్రాన్సు రాజు 14వ లూయీ కొన్నాడు. 1673లో దాన్ని తిరిగి సాన పట్టించారు. ఫ్రెంచి విప్లవ కాలంలో, 1792లో రాజుగారి నగలతో పాటు దొంగతనానికి గురైంది. తర్వాత మళ్ళీ కోతపడి, హోప్ వజ్రం అన్న పేరుతో బయటపడింది. అది 1958 నుంచి అమెరికాలోని వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. ఇప్పటి బరువు 45.52 కేరట్లు. ఆ రాయి ఏ రాజు దగ్గరుంది, ఎవరు కొన్నారు, ఎవరు దొంగిలించారు అన్న వివరాల మీద పుస్తకాలే వచ్చాయి. దాన్ని ఇసుకలోంచి ఏరిన చెయ్యి ఎవరిదో ఏ పుస్తకంలోనూ లేదు.

చివరి రోజులు

నీలి వజ్రం అమ్మకం తర్వాత రాజు టావెర్నియర్‌కు ప్రభువర్గంలో స్థానం ఇచ్చాడు. 1670లో జెనీవా దగ్గర ఆబాన్ అనే జమీ కొనుక్కున్నాడు. 1676లో తన ఆరు యాత్రల పుస్తకం ప్రచురించాడు. అందులో షాపుజో అనే రచయిత సాయం ఉంది. ఆ పుస్తకం యూరప్ భాషల్లోకి అనువాదమై ఎంతో పేరు తెచ్చుకుంది.

సుఖంగా కూర్చోవలసిన వయసులో మళ్ళీ చిక్కులు వచ్చాయి. 1685లో ఫ్రాన్సు రాజు ప్రొటెస్టెంట్లకు ఉన్న హక్కులు రద్దు చేశాడు. అదే ఏడాది టావెర్నియర్ తన జమీ అమ్మేశాడు. ఎనభై ఏళ్ళు దాటాక రష్యా మీదుగా మళ్ళీ తూర్పు దిక్కుకు బయలుదేరాడు. 1689లో ఆ రష్యాలోనే కన్నుమూశాడు. అప్పటికి రెండేళ్ళ ముందే, 1687లో, గోల్కొండ రాజ్యం మొగలుల చేతికి పోయింది.

మనం నేర్చుకోవలసింది

టావెర్నియర్ జీవితంలో మెచ్చుకోదగ్గవి చాలా ఉన్నాయి. భాషలు నేర్చుకోవడం, భయపడకుండా తిరగడం, ప్రతిదీ రాసిపెట్టుకోవడం, రాయి ఎవరిదైనా లోపాన్ని లోపంగా చెప్పడం. వీటిని మనం ఆదర్శంగా తీసుకోవచ్చు.

అయితే ఆయన కన్ను వర్తకుడి కన్ను. రాయిని చూసినంత దగ్గరగా మనిషిని చూడలేదు. 60 వేల మంది అని లెక్క రాశాడు గానీ వాళ్ళలో ఒక్కరి పేరూ అడగలేదు. మట్టి మోసే పిల్లల్ని చూశాడు, వాళ్ళు ఏ ఊరివాళ్ళో రాయలేదు. ఆ లోటు తీర్చడం ఇప్పుడు ఎవరి వల్లా కాదు. ఆ తర్వాతి కాలపు లోటు మాత్రం మనం తీర్చగలం.

కొల్లూరుకు ఎగువన, అదే కృష్ణానది మీద నాగార్జునసాగర్ ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన సంగతి మనకు బిట్టుగా తెలుసు. ఆ రాళ్ళు మోసిన ఆడవాళ్ళ పేర్లు ఎన్ని తెలుసు? పాలమూరు లేబర్ అన్న మాట దేశమంతా తెలుసు. ఆనకట్టలు, కాలువలు, రోడ్లు ఎక్కడ కడితే అక్కడికి మూటాముల్లె, పిల్లాజెల్లతో పోయినవాళ్ళు మన తాతలు, నానమ్మలు, కొందరికి అమ్మానాన్నలు. వాళ్ళు తవ్విన క్యూబిక్ మీటర్ల లెక్క ఇంజనీరు పుస్తకంలో ఉంటుంది. వాళ్ళ మాటలు ఎక్కడా ఉండవు.

కాబట్టి హాస్టల్ విద్యార్థులకు మా మనవి ఇది. ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక నోటుబుక్కు తీసుకుపోండి. ఇంట్లో పెద్దవాళ్ళ పక్కన కూర్చోండి. ఏ ఏట ఏ ఊరు పోయారు, మేస్త్రీ ఎంత అడ్వాన్సు ఇచ్చాడు, రోజుకు ఎంత కూలి, ఏం తిన్నారు, ఎక్కడ పడుకున్నారు, పక్కన ఎవరెవరు ఉండేవారు అని అడిగి టావెర్నియర్ లాగే అంకెలతో సహా రాయండి. పేర్లు కూడా రాయండి, ఆయన వదిలేసింది అదే. రెండు పేజీలు చాలు. వచ్చే వార్షిక సంచికలో అవన్నీ అచ్చు వేసుకుందాం. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు, అక్కలు కూడా తమ ఇంటి సంగతులు రాసి పంపితే సంచిక నిండుతుంది.

అద్దాన్ని కంటి దగ్గర ఉంచుకుని, చూడవలసినదాన్ని దగ్గరకు తెచ్చుకోవాలన్నది రత్నపరీక్షలో మొదటి పాఠం. మన చదువు మన చేతికొచ్చిన అద్దం. దానికి దగ్గరగా తెచ్చుకోవలసింది మన ఇల్లే. పెద్దవాళ్ళు ఉన్నప్పుడే ఆ పని చేద్దాం.